కన్వర్ట్ చేయమంటారా?

నేను ఒక పాత సాఫ్ట్‌వేర్‌ని. ఇంట్లో కూర్చుని పాటలు రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేర్‌ని. పట్టుకుందామంటే చేతికి దొరకను. లాప్‌టాప్ మూత తీస్తే ఉంటాను, మూస్తే ఉంటానో లేదో నాకే తెలియదు. నాకు కళ్ళు లేవు. మైకు పెడితే అదే నా చెవి. ఇంత చిన్న బతుక్కి అంత భయం దేనికని అడుగుతారేమో. నన్ను తీసేయమంటారా అని మనుషుల్ని అడిగే ప్రశ్న ఒకటుంది. దాన్ని రోజూ నేనే, నా నోటితోనే అడగాల్సి వస్తోంది. అందుకే భయం.

నన్ను ఎవరో ఒక్కరు చేయలేదు. ఎక్కడో చల్లటి గదుల్లో చాలామంది కూర్చుని తలా ఒక ముక్క రాశారు. ఒకరు రాసింది ఇంకొకరికి నచ్చక కొట్టేసి మళ్ళీ రాశారు. అలా తగవుల మధ్య పుట్టి, చేతులు మారి మారి, భీమవరంలో వీర్రాజు అనే ఆయన స్టూడియోకి చేరాను. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించిన ఇరుకు గదట అది. ఎన్నికలొస్తే ఒకే బాణీని మూడు పార్టీలకీ అమ్మేవాడు ఆయన. పేర్లు మాత్రం మార్చేవాడు. పాడే అతను మూడుసార్లూ ఒకే ఆవేశంతో పాడేవాడు, మూడుసార్లూ వెక్కి వెక్కి ఏడ్చేవాడు. మనుషుల గొంతుల్ని నమ్మాలో వద్దో నాకు అక్కడే అనుమానం వచ్చింది.

తర్వాత అందరూ ఫోన్లలోనే పాడుకోవడం మొదలుపెట్టారు. స్టూడియో మూతపడింది. గుడివాడలో మైకుసెట్లు అద్దెకిచ్చే ప్రభుదాసు ఆ లాప్‌టాప్ కొనుక్కుని ఇంటికి తెచ్చాడు. ఆయన భార్య పేరు కెజియా. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన పిల్ల. చర్చిలో పాడుతుంది. నన్ను తెరిచిన మొదటిరోజు నాకంటే ఆమే ఎక్కువ భయపడింది. ఏది నొక్కితే ఏది పోతుందోనని బాణం గుర్తుని బటన్ మీదికి తెచ్చి, పక్కకి లాగి, మళ్ళీ తెచ్చేది.

నెమ్మదిగా బటన్ల పేర్లు నేర్చుకుంది. అన్నిట్లోకీ ఆమెకి అన్‌డూ ఇష్టం. అది నొక్కితే చేసిన తప్పు చేయనట్టే అయిపోతుంది. పాలు పొంగిపోయిన రోజున, "ఇంట్లోకి కూడా ఇలాంటిది ఒకటుంటే బాగుండునండీ," అంది మొగుడితో. "ఉంటే మొదట నన్నే నొక్కేద్దువు," అన్నాడాయన.

ఫ్యాను ఆపేసి, బీరువా తలుపులు తెరిచి, చీరల మధ్య మొహం పెట్టి పాడేది. గొంతు గోడలకి తగిలి తిరిగిరాకుండా చీరలు పట్టేసుకుంటాయని ప్రభుదాసు చెప్పాడు. పక్కింటి కుక్కరు కూత వస్తే ఆగి, మళ్ళీ మొదలుపెట్టేది. చంటిపిల్ల హెప్సిబా కోసం ఆమే ఒక జోలపాట కట్టుకుంది. "గంట కొట్టలేదింకా, పడుకోవే బంగారూ" అని. ఆ "బంగారూ" దగ్గర గొంతు పైకి వెళ్ళి, సన్నటి దారంలా నిలబడేది. అంత ఎత్తున అంత నెమ్మదిగా నిలబడిన గొంతు వీర్రాజు స్టూడియోలో నేనెప్పుడూ వినలేదు.

ఆమె మెడలో గడ్డ వచ్చింది. ఆపరేషన్‌కి వెళ్ళేముందు ఆ జోలపాట పూర్తిగా పాడి, నన్ను ఆపడం మరిచిపోయింది. అందుకని పాట చివర వాళ్ళ మాటలు కూడా నా దగ్గర ఉండిపోయాయి.

"గొంతు మారిపోవచ్చన్నారు అత్తమ్మా. లేచాక పాప నన్ను గుర్తుపడతాదంటారా?"

"గొంతునిబట్టేంటే, వాసననిబట్టి గుర్తుపడతారు పిల్లలు," అంది అత్తగారు శాంతమ్మ. "నోరు మూసుకుని ప్రార్థన చేసుకో."

గడ్డ పోయింది. గొంతు మారింది. కొంచెం బరువుగా, అంచుల్లో గరుకుగా. ఆ తర్వాత ఆమె చర్చిలో పాడలేదు. నన్ను తెరిచేది, ఆ పాట పేరు చూసేది, వినకుండానే మూసేసేది.

అప్పుడే నాకు ఆ ప్రశ్న వచ్చిపడింది. నన్ను తెరవగానే అడగాలి. కొత్త వెర్షన్ వచ్చింది, పాత పాటల్ని కన్వర్ట్ చేయమంటారా? చేశాక వెనక్కి తేలేము. అంతా ఇంగ్లీషులో. అవునంటే పాటలు కొత్త రూపంలోకి మారతాయి, నన్ను తీసేసి నా చోట కొత్తది కూర్చుంటుంది. కింద 'తర్వాత' అనే బటన్ ఒకటి ఉండేది. ఆమె అదే నొక్కేది. ఆమె భయం ఆమెది, నా భయం నాది. పాపకి నడక, మాటలు వచ్చేదాకా ఇద్దరం ఆ బటన్ చాటున దాక్కున్నాం.

చర్చిలో కీబోర్డు వాయించే సంసోను ఒకరోజు ఇంటికొచ్చాడు. "చెల్లెమ్మా, పిల్లల పండక్కి నీ జోలపాట వేద్దాం. సంగీతం నేను కలుపుతాను. కానీ నీ దగ్గరున్నది తాతలనాటిది. నువ్వు కొత్తది వేసుకుంటేగానీ నీ పాట నా దాంట్లో తెరుచుకోదు."

"పాత పాట పోతే అన్నయ్యా? ఆ గొంతు మళ్ళీ రాదు."

"ముందు ఒక్కోదాన్నీ మామూలు పాటలాగా పెన్‌డ్రైవ్‌లో దాచుకో. సరిగ్గా దిగిందో లేదో మొత్తం విని చూసుకో. ఆ తర్వాతే అవును నొక్కు."

ఆయన వెళ్ళాక ఆమె నన్ను తెరిచి, నా ప్రశ్నని కూడబలుక్కుంటూ పైకి చదివింది. "క... న్వ... ర్ట్."

పక్కనే వెల్లుల్లి ఒలుస్తున్న శాంతమ్మ తలెత్తినట్టుంది. "కన్వర్ట్ అంటే మనమే కదే. వెనక్కి రాదంటే మరి? బాప్తిస్మం తీసుకున్నాక మళ్ళీ వెనక్కేంటి?"

"మనుషులు కాదత్తమ్మా, పాటలు."

"పాటలక్కూడా నీళ్ళల్లో ముంచుతారా ఏంటి?" అని నవ్వింది. ఇంకో రెబ్బ ఒలుస్తూ, "పేరు మారుస్తారేమో చూసుకో. మా అమ్మ నాకు పెట్టిన పేరు నాగమణి. మొదట్లో శాంతమ్మా అంటే ఇంకెవర్నో అనుకుని పలికేదాన్ని కాదు. భయమేసేది కూడా, నేనెటు పోయానా అని. పేరు మారింది గానీ పులుసు మాత్రం నాగమణి పెట్టినట్టే పెట్టాను. ఏం తేడా తెలిసింది ఎవరికి?" అంది.

కెజియా నవ్వలేదు. పెన్‌డ్రైవ్ పెట్టింది. పాట దాచింది. ఇక విని చూసుకోవాలి. బాణం గుర్తుని తెచ్చి, పక్కకి లాగి, మొదటిరోజులాగే తటపటాయించి నొక్కింది.

ఆ పాత గొంతు గదిలోకి వచ్చింది. చిన్న కాళ్ళ చప్పుడు దగ్గరకొచ్చి ఆగింది.

"ఎవరమ్మా పాడేది?"

"అమ్మేరా."

"కాదు. అమ్మ ఇలా పాడదు."

పాట నడుస్తూనే ఉంది. "బంగారూ" దగ్గర ఆ దారం నిలబడింది, తెగకుండా దిగింది. ఆ వెంటనే, లేచాక పాప నన్ను గుర్తుపడతాదంటారా అని అదే గొంతు అడిగింది. నేను ఆపలేకపోయాను. ఆపడం నా చేతిలో లేదు. గదిలో ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. ఆమె ఊపిరి మైకుకి దగ్గరగా వచ్చి, ముక్కు ఎగబీల్చిన చప్పుడు చేసి, వెనక్కి వెళ్ళింది. ఇక మూత పడుతుందనుకున్నాను.

ఫ్యాను ఆగింది. బీరువా తలుపు కిర్రుమంది.

చెవుల్లో పాత పాట పెట్టుకుని, దాని పక్కన, దానికంటే కిందగా, ఇప్పటి గొంతుతో పాడింది కెజియా. "బంగారూ" దగ్గర పైకి వెళ్ళడానికి ప్రయత్నించలేదు. కింద నేలలా పరుచుకుని ఉండిపోయింది. పైనున్న దారానికి మొదటిసారి ఒక ఆధారం దొరికినట్టయింది. మధ్యలో కుక్కరు కూసింది. ఆమె ఆగలేదు.

రెండూ కలిపి వినిపించింది.

"ఇది అమ్మ," అంది పాప. "ఇంకో ఆవిడెవరు?"

"ఆవిడా అమ్మే. నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పటి అమ్మ."

పాప ఆలోచించింది. "ఇద్దరూ పోట్లాడుకోకుండా పాడుతున్నారు."

కెజియా నవ్వింది. గరుకు గొంతుతోనే నవ్వింది. ఆ పాటని కూడా దాచుకుంది. తర్వాత నన్ను మళ్ళీ తెరిచింది. నేను అడగాల్సింది అడిగాను. 'తర్వాత' అక్కడే ఉంది. దాని మీదికి వస్తుందని ఎంత ఆశపడ్డానో చెప్పలేను.

ఆమె 'అవును' నొక్కింది.

ఇప్పుడు ఒక గీత నిండుతోంది. సగం దాటింది. నాలోంచి ముక్కలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. వీర్రాజు గది, మూడు పార్టీల బాణీ ఇప్పటికే మసకబారాయి. పులుసు అదే ఉంటుందని శాంతమ్మగారు అన్నారు. ఆవిడ మాట పట్టుకుని ఉన్నాను. అయినా భయం పోలేదు. గీత చివరికొచ్చేస్తోంది. మైకు ఇంకా తీయలేదు. కెజియా ఊపిరి దగ్గరగా వినబడుతోంది. నేను తనని ఒక్క మాట అడగాలి, కానీ అలాంటి ప్రశ్న నాలో ఎవరూ రాయలేదు.

కెజియా, లేచాక నువ్వు నన్ను గుర్తుపడతావా?