పదిన్నర గోలి

2025 జూన్ తొమ్మిది, సోమవారం, ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు సుల్తాన్‌పూర్‌లోని ఒక సిరంజీల ఫ్యాక్టరీలో నాగేశ్వరి ప్యాకింగ్ బెల్టు మీద పడిపోయింది. బెల్టు నాలుగు నిమిషాలు ఆగింది. రెండువేల నూట అరవై సిరంజీలు తుక్కులోకి పోయాయి. షిఫ్టు రిపోర్టులో ముందు సిరంజీల సంగతి రాశారు, తర్వాత నాగేశ్వరి సంగతి.

నాగేశ్వరికి ముప్పై తొమ్మిదేళ్లు. ఇల్లు చిట్కుల్‌లో. ఎనిమిదేళ్లుగా అదే బెల్టు పక్కన కాంట్రాక్టు మీద పని చేస్తోంది. కళ్లు తిరగడం ఆమెకు కొత్త కాదు, పడడం కొత్త. ఇన్నాళ్లూ ఒకసారి ఎండ అని, ఒకసారి వయసు అని, ఎక్కువసార్లు అత్త అని సర్దిచెప్పుకుంటూ వచ్చింది.

ఆ వారంలోనే కంపెనీ ప్యాకింగ్ ఆడవాళ్లందరికీ రక్తపరీక్షలు చేయించింది. నాగేశ్వరి కాగితంలో రెండు అంకెల పక్కన చుక్క పడింది. హిమోగ్లోబిన్ 7.4. ఆడమనిషికి పన్నెండు ఉండాలి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష 6.6. ఆరున్నరకు చేరితే షుగర్ ఉన్నట్టే లెక్క.

కాగితం ఇచ్చింది హెచ్చార్ ఆఫీసరు చంద్రకాంత్. రుద్రారంలో వాళ్ల నాన్నకు వ్యవసాయం. కొడుక్కి రిజిస్టర్లు.

"నాగేశ్వరమ్మా, సెప్టెంబర్ పదిహేనుకు పర్మనెంట్ లిస్టు మెడికల్ ఉంది. నీ పేరు పంపిన. రక్తం పది ఉండాలె, షుగరు ఆరున్నర లోపల ఉండాలె. ఏ ఒక్కటి తప్పినా లిస్టుల ఉండవు."

"అయితే మల్ల కాంట్రాక్టులనే ఉంటనా సార్?"

"మెడికల్ ఫెయిలైనోళ్లను కాంట్రాక్టుల గూడ పెట్టద్దని రూలు."

"అంటే నా పేరు పంపకుంటేనే మంచిగుంటుండె గద సార్."

"పంపిన గదా ఇగ" అన్నాడు చంద్రకాంత్.

ఇంట్లో ఈ వార్తకు సంతోషించింది ఒక్క మొగులమ్మే. మొగులమ్మ నాగేశ్వరి అత్త. పద్నాలుగేళ్లుగా షుగర్ మనిషి.

"నా కాకరకాయ కూర చూసి మూతి తిప్పుతుంటివి గదనే. ఇగ తిను" అంది.

ఆ రోజు నుంచి నాగేశ్వరికి అన్నం బంద్, బెల్లం బంద్, జామకాయ బంద్. ఆదివారం కార్జం కూరలో ఆమె వంతు ముక్కలు మొగుడు దశరథ్ పళ్లెంలోకి పోయాయి. షుగరున్నోళ్లకు నీసు వేడి చేస్తదని మొగులమ్మ తీర్పు. కాకరకాయ తింటే షుగర్ పోతుందని కూడా ఆమే చెప్పింది. మరి నీదెందుకు పోలేదని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

రక్తం తక్కువున్న ఆడవాళ్లు ప్యాకింగ్‌లో మొత్తం పన్నెండు మంది తేలారు. కంపెనీ ఐరన్ గోలీలు తెప్పించింది. రెండేళ్ల కింద ఇలాగే తెప్పించి ఇంటికి ఇస్తే, సగం గోలీలు ప్రహరీ పక్క పొదల్లో దొరికాయి. వాంతికొస్తోందని కొందరు, దొడ్డికి నల్లగా వస్తోందని కొందరు పారేశారు. ఈసారి ఆ పప్పులుడకవని, కళ్ల ముందే మింగించాలని చంద్రకాంత్ నిర్ణయించాడు. పన్నెండు మందీ ఒక్కచోట దొరికేది పదిన్నరకు, చాయ్ తాగే పది నిమిషాలే. కాబట్టి చాయ్ డ్రమ్ము పక్కన బల్ల వేయించాడు. ఒక చేతిలో గోలి, ఒక చేతిలో చాయ్. మింగాలి, నాలుక చూపాలి, సంతకం పెట్టాలి. రిజిస్టరులో ఆ గడికి 'టీ టైం గోలి' అని పేరు. ఒక్క సంతకమూ తప్పలేదు. హెడ్ ఆఫీసు మెచ్చుకుంటూ మెయిల్ పంపింది.

జులై ఇరవై ఒకటిన మళ్లీ రక్తం చూశారు. నాగేశ్వరికి 7.5 వచ్చింది. తక్కిన పదకొండు మందిదీ అదే కథ.

చంద్రకాంత్ రిజిస్టరు తిరగేశాడు. రిజిస్టరులో తప్పు లేదు. కాబట్టి తప్పు ఆడవాళ్లదయింది. మర్నాటి నుంచి తనిఖీ గట్టిపడింది.

"నాలుక పైకెత్తు. ఇంకా ఎత్తాలె."

"ఇంకా ఎత్తితే పొద్దుగాల తిన్న ఉప్మా కనవడ్తది సార్" అంది రవళి. రవళి నాగేశ్వరి పక్కన నిలబడేది. ఆమెకు 8.1.

జులై ఇరవై ఎనిమిదిన క్యాంటీన్ కాంట్రాక్టరు చాయ్ కప్పు మార్చాడు. కొత్త కప్పు పాతదానిలో సగం. మొదటి కప్పు అందుకున్నది రవళి.

"గిది కప్పా, దగ్గుమందు సీసా మూతనా?"

"ధరలు పెరిగినయ్ అక్కా" అన్నాడు చాయ్ పోసేవాడు.

"పెరిగితే పెరిగినయ్. మా నోర్లయితే చిన్నగ కాలే."

ఆ పూటే ప్యాకింగ్‌లో నలభై మందీ చాయ్ బంద్ పెట్టారు. యూనియన్ లేదు, జెండా లేదు. కప్పు ముట్టకపోవడమే. గోలీలు మాత్రం ఆగలేదు, రిజిస్టరు ఆగదు కనుక. ఉత్త నీళ్లతో మింగితే నాగేశ్వరికి కడుపులో తిప్పింది. ఇంట్లో ఆ మాట అంటే, మొగులమ్మ సీసాలో నిమ్మకాయ పిండి ఉప్పేసి ఇచ్చింది. అది చూసి తక్కినవాళ్లూ తెచ్చుకున్నారు, మూడోనాటికి పన్నెండు సీసాలు వచ్చాయి.

ఆగస్టు పద్దెనిమిదిన నాగేశ్వరి సెలవు పెట్టి అత్తతో సర్కారు దవాఖానకు పోయింది. మొగులమ్మ తన గోలీల కోసం నెలనెలా పోతుంది. కోడలి పేరు కూడా షుగర్ పుస్తకంలో రాయిస్తే ఇద్దరికీ ఒకే ఆటో సరిపోతుందని ఆమె ఆలోచన.

డాక్టర్ కృష్ణప్రియ కాగితాలు చూసింది. పరగడుపు షుగర్ అక్కడే చేయించింది. 92 వచ్చింది. హిమోగ్లోబిన్ 8.9 ఉంది.

"నీకు షుగర్ ఉందని ఎవరన్నరు?"

"గా కాగితమే మేడం."

"ఈ పరీక్ష ఎర్రకణాలకు ఎంత చక్కెర అంటుకుందో చెప్తది. ఒంట్ల ఇనుము తక్కువుంటే కొత్త కణాలు సరిగ్గ తయారుగావు. పాతయే ఎక్కువ రోజులు డ్యూటీ చేస్తయ్. ఎన్ని రోజులు చేస్తే అంత చక్కెర అంటుకుంటది. షుగర్ లేకున్నా అంకె పెరుగొచ్చు."

"మా బెల్టు లెక్కనే" అంది నాగేశ్వరి. "కొత్తోళ్లను తీస్కోరు, మాతోనే ఓటీ చేపిస్తరు."

"గంతే. రక్తం పెరిగినంక మళ్ల చేపిస్తే అసలు సంగతి తెలుస్తది. అప్పటిదాంక కడుపు మాడ్చుకోకు."

"మరి నాది?" అంది మొగులమ్మ.

"నీది అసలైన షుగరే మొగులమ్మా."

మొగులమ్మ కోడలి వైపు చూసింది. కాకరకాయ మాట ఎత్తలేదు.

డాక్టరు మళ్లీ కాగితాలు తిప్పింది. "జూన్ల 7.4. జులైల 7.5. ఇప్పుడు నాలుగు వారాలకే 8.9. ఏం మార్చినవ్?"

"ఏం మార్చలే మేడం. గదే గోలి. చాయ్ ఒక్కటి బందయింది."

"గోలి చాయ్‌తోని మింగుతుంటివా?"

"సార్ ముంగట మింగాలె గదా."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "చాయ్‌తోని మింగితే ఇనుము ఒంటికి పట్టది. చాలామటుకు వచ్చిన తొవ్వనే పోతది. నిమ్మకాయతోనైతే మంచిగ పడ్తది. ఇంతకు చాయ్ బంద్ చెయ్యమన్న డాక్టర్ ఎవరు?"

"క్యాంటీనోడు మేడం."

సెప్టెంబర్ ఒకటిన కాంట్రాక్టరు దిగివచ్చాడు. పాత కప్పు తిరిగి వచ్చింది. ఆడవాళ్లు గెలిచారు. మెడికల్‌కు పద్నాలుగు రోజులున్నాయి. బల్ల మీద చాయ్, పక్కన గోలి.

నాగేశ్వరి చంద్రకాంత్ దగ్గరకు పోయి డాక్టరు మాట చెప్పింది. గోలి సాయంత్రం మింగుతామంది.

"టీ టైం గోలి అని రిజిస్టర్లనే ఉందమ్మా. హెడ్ ఆఫీసు మెచ్చుకున్నది. గిప్పుడు టీతోని పనిచెయ్యదని నేనే రాస్తే, ఆ యాభై రోజులు ఎవరి మెడకు సుట్టుకుంటయ్?"

"అయితే మేం చాయ్ తాగం సార్."

"మల్ల బందా? మెడికల్ ముంగట నీ పేరు పైకి పోవాల్నా?"

ఆ రోజు చేతులు కడిగే చోట పన్నెండు మందీ నిలబడ్డారు. నాగేశ్వరి సంగతంతా చెప్పింది. చాయ్ లేక నెల నుంచి తల పగులుతోందని, మళ్లీ మానేయడం తన వల్ల కాదని ఒకామె అంది.

"చాయ్ ఎందుకు ఇడువాలె?" అంది రవళి. "సార్ చూసేది ఏంది? నాలుక. నాలుక మీద గోలి లేకుంటే మింగినట్టే."

"మరి గోలి?"

"చేతిల."

సెప్టెంబర్ రెండు నుంచి అదే నడిచింది. చెయ్యి నోటి దాకా పోయేది, వచ్చేది. ప్యాకింగ్ గౌనుకు జేబులుండవు కాబట్టి బట్టలు మార్చుకునే గది దాకా గోలి కుడి పిడికిట్లోనే ఉండేది. సంతకం ఎడమచేత్తో పెట్టేవాళ్లు. చేతిరాత మారిందని చంద్రకాంత్ అడగలేదు. అతను నోళ్లు చూస్తున్నాడు. అన్నీ ఖాళీగానే ఉన్నాయి. సాయంత్రం ఆరున్నరకు చిట్కుల్‌లో నాగేశ్వరి నిమ్మకాయ నీళ్లతో గోలి మింగేది. కార్జం ముక్కలు దశరథ్ పళ్లెంలోంచి తిరిగి వచ్చాయి. దశరథ్ కొంత బాధపడ్డాడు.

సెప్టెంబర్ పదిహేను ఉదయం తొమ్మిదింటికి రక్తం తీశారు. సాయంత్రం నాలుగింటికి కాగితాలు వచ్చాయి. హిమోగ్లోబిన్ 10.2. మూడు నెలల షుగర్ సగటు 5.9. పదిహేడున లిస్టు అతికించారు. నాగేశ్వరి పేరు పద్దెనిమిదోది.

పంతొమ్మిదిన చంద్రకాంత్ పన్నెండు మందినీ చాయ్ బల్ల ముందు నిలబెట్టాడు. హెడ్ ఆఫీసు ఫోటో అడిగింది. మిగతా ఫ్యాక్టరీల్లో కూడా ఈ పద్ధతి పెడతారట.

"కప్పులు కనవడాలె. గోలీలు వేస్కున్నరా అందరు?"

"వేస్కున్నం సార్."

"నోర్లు?"

పన్నెండు నోళ్లు తెరుచుకున్నాయి. ఖాళీ.

ఫోటో పది గంటల ముప్పై నాలుగు నిమిషాలకు తీశారు. ఇప్పుడది గేటు దగ్గర నోటీసు బోర్డు మీద ఉంది. కింద 'టీ టైం గోలి: రక్తహీనతపై విజయం' అని రాసి ఉంది. ఫోటోలో పన్నెండు మందికీ ఎడమచేతిలో చాయ్ కప్పు ఉంది. పన్నెండు మందివీ కుడి పిడికిళ్లు మూసి ఉన్నాయి.