తెరేసమ్మ దాచిన కబురు

పొద్దున్నే చేపల మార్కెట్లో కత్తిపీట వేసుకుని కూర్చోవడం, మధ్యాహ్నానికి లేచి ఇంటికి పోవడం, ఇదీ తెరేసమ్మ దినచర్య. ముక్కలన్నీ ఒకే సైజులో వస్తాయని గుణదల వాళ్లూ సింగ్‌నగర్ వాళ్లూ ఆమె దగ్గరే వరస కడతారు. ఏడాదికోసారో రెండేళ్లకోసారో తొట్టిలోని చేప ఒకటి నోరు తెరిచి ఓ పేరు చెబుతుంది. ఆ మనిషికి ఇక నలభై రోజులేనని అర్థం. తెరేసమ్మ ఆ చేపని కాలవలో వదిలేసి, చేతులు కడుక్కుని, ఆ ఇంటికి వెళ్లి కబురు చెప్పి వస్తుంది. బేరం ఆలస్యమవుతుందని తప్ప దీని మీద ఎవరికీ ఫిర్యాదు లేదు.

కబురందిన ఇంట్లో అందరూ గోనెపట్టా కట్టుకోవాలి. పొద్దుగూకేదాకా పస్తుండి, చేసిన తప్పు దేవుడికి చెప్పుకోవాలి. గేదె ఉంటే దానికీ గోనె కప్పాలి. అలా చేసినవాళ్లు నలభై ఒకటో రోజు లేచి కాఫీ తాగారు. నవ్వి ఊరుకున్నవాళ్ల ఫొటోలకి దండలు పడ్డాయి.

ఒక మంగళవారం, ఆమె సామాను సర్దుకుంటుంటే, తొట్టిలో మిగిలిన బొచ్చె చేప "దేవేంద్ర" అంది.

దేవేంద్ర ఎవరో తెరేసమ్మకి తెలుసు. రెండేళ్ల కిందట బుడమేరు వాగు పొంగి వీధులు మునిగినప్పుడు ఆమె కూతురు కృప పాము కరిచి మేడ మీద పడుంది. అటు వచ్చిన ఒక్క పడవా దేవేంద్రది. దాని నిండా అతని షాపు టీవీలు. "ఇవి దించేసి వచ్చేస్తానండీ" అన్నాడు. రాలేదు. కృప దక్కలేదు. అప్పట్నుంచి తెరేసమ్మకి ఏడుపు రాదు, ఆకలి తెలియదు. వేళకి ఇంత తింటుంది, చేపలు కోస్తుంది, అంతే.

"చెబితే వాడు ఏడుస్తాడు. వాడు ఏడిస్తే నువ్వు కరిగిపోతావు. నీ సంగతి నాకు తెలియదా?" అంది దేవుడితో, తల కూడా ఎత్తకుండా. చేపని వదిలేసి, నలభై రోజులూ చెల్లెలింట్లో గడిపేద్దామని బందరు బస్సెక్కింది.

వారం తిరక్కుండా బందరు రేవులో గగ్గోలు. వలలో పడ్డ ప్రతి చేపా "దేవేంద్ర, దేవేంద్ర" అంటోంది. పేరు చెప్పే చేపని ఎవరు కొంటారు? చెల్లెలి మొగుడు మూడు రోజులు వరసగా వట్టి చేతులతో ఇంటికొచ్చాడు.

"అక్కా, నువ్వేమన్నా కబురు ఆపావా?" అని అడిగింది చెల్లెలు.

"ఆపాను."

"చెప్పెయ్యక్కా. పిల్లలు పస్తుంటన్నారు."

తెరేసమ్మ తిరుగు బస్సెక్కింది. బెంజ్ సర్కిల్ దగ్గర దేవేంద్ర కొత్త షాపులోకి వెళ్లి, "నీకింక ముప్ఫై రోజులే" అంది. గోనె మాట ఎత్తలేదు. నవ్వుతాడేమోనని కాసేపు ఆశగా నిలబడింది కూడా.

అతను నవ్వలేదు. షట్టరు దించేశాడు. మర్నాటి నుంచి అతనూ భార్యా, షాపు ముందు పడుకునే కుక్కా గోనెపట్టాలతో ఫుట్‌పాత్ మీద కూర్చున్నారు.

నలభయ్యో రోజు తెరేసమ్మ ఎదురు టీకొట్టు బెంచీ మీద పొద్దుటి నుంచీ కాపు కాసింది. ఏ బస్సూ అదుపు తప్పలేదు, ఏ హోర్డింగూ కూలలేదు. అతనికి తుమ్మయినా రాలేదు.

"ఇందుకే చెప్పనన్నాను" అంది దేవుడితో. "నా పిల్ల మీద లేని జాలి వాడి మీద ఎందుకు? ఇంక నన్ను తీసుకుపో." కోపానికి కూడా ఓపిక లేదు ఆ గొంతులో.

రెండు రోజులకి దేవేంద్ర మార్కెట్‌కి వచ్చి, వరసలో నిలబడి, తన వంతు వచ్చేదాకా ఆగాడు.

"నేను కావాలనే రాలేదమ్మా ఆ రోజు. నీళ్లు చూసి భయమేసింది. టీవీలు దక్కాయి కదా అనుకున్నాను."

"చేప కావాలా?" అంది తెరేసమ్మ.

తొట్టిలోంచి ఓ రాగండి చేప "తెరేసమ్మ" అంది.

వరస కాస్త పక్కకి జరిగింది. తెరేసమ్మకి ప్రాణం హాయిగా ఉంది. చేపని వదిలి వచ్చి మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంది.

"గోనె కట్టుకోండమ్మా" అన్నారెవరో.

"నా దగ్గర లేదు" అంది. కూర్చున్నదే గోనెసంచి మీద.

మర్నాడు ఆమె తలుపు తీసేసరికి దేవేంద్ర గోనెపట్టా కట్టుకుని గడప పక్కన కూర్చునున్నాడు. తెరేసమ్మ చేపలు కడిగిన నీళ్లు అతని పక్కనే పారబోసింది. కాస్త జరిగాడు గానీ లేవలేదు.

"పో. నా చావు నేను చస్తాను."

"ఆ పేరు నేనూ విన్నానండి. విని వెళ్లిపోవడం ఒకసారి చేశాను."

రోజూ పొద్దున వచ్చేవాడు, పొద్దుగూకాక వెళ్లేవాడు. ఆమె పలకరించలేదు. నలభయ్యో రోజు తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, కృప దగ్గరికి పోతున్నానని చాప మీద పడుకుంది. ఆ రోజు మాత్రం అతను పొద్దుగూకినా లేవలేదు.

తెల్లారింది. కళ్లు తెరిచిన తెరేసమ్మకి కడుపు నకనకలాడింది. రెండేళ్లలో మొదటిసారి అంత ఆకలి. దాని వెనకే కోపం, దాని వెనకే ఏడుపు. కృపని పేరు పెట్టి పిలుచుకుంటూ చాలాసేపు ఏడ్చింది.

తలుపు తీస్తే దేవేంద్ర గోడకి చేరగిలబడి నిద్రపోతున్నాడు.

"ఎవరడిగార్రా నిన్ను?" అంది.

అతను లేవలేదు. ఆమె లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించి, గ్లాసెడు బియ్యం కొలిచి గిన్నెలో పోసింది. గుమ్మం వైపు చూసింది. కోపం ఏమాత్రం తగ్గలేదు. ఆ కోపంతోనే రెండో గ్లాసూ పోసింది.