గడ్డి మేస్త్రీ కోసిచ్చిన నీడ

ఎండ ముదరకముందే గడ్డి మేస్త్రీ పని మొదలుపెడతాడు. పెరట్లో మట్టి జానెడు లోతు తవ్వి ఎత్తిపోస్తాడు. కంకర పొడి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిసతో కొడతాడు. నీళ్లు గోడవైపు జారేలా వాలు చూసుకుంటాడు, ఎందుకంటే కుక్కలు ఒంటికి వెళ్లేముందు ఇంటివాళ్లను చోటు అడగవు. ఆపైన గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ గడ్డి. అంచులు కోసి, మేకులు దిగ్గొట్టి, ఇసుక చల్లి, గట్టి చీపురుతో పోచలు నిలబెడతాడు. ఆఖరున తన నీడలోంచి ఒక ముక్క కోసి దానిమీద పరిచి, సామాన్లు సర్దుకుంటాడు.

ప్లాస్టిక్ గడ్డి పొద్దున పచ్చగానే ఉంటుంది, మిట్టమధ్యాహ్నానికి పెనం అయిపోతుంది. మిగతా మేస్త్రీలు "నీళ్లు కొట్టుకోండి" అని చేతులు దులుపుకుని పోతారు. ఈయనకు అది చేతకాలేదు.

అలా ఊళ్లో కుక్కలున్న పెరళ్లన్నిటికీ ఆయన నీడ పంపకమైపోయింది. ఎడమ భుజం లాయరుగారింట్లో ఉంది. ఆ లాయరు వాదించి వాదించి మెడ కూడా కలుపుకున్నాడు. మోకాలి ముక్క పళ్ల డాక్టరు భార్యకు నచ్చలేదు, వంకరగా ఉండి ఫొటోలు పాడవుతున్నాయట. బ్యాంకు మేనేజరు ఇంట్లో నడుము ముక్క మంచి చల్లన. దానిమీద మేనేజరే చాప వేసుకుని పడుకుంటాడు. కుక్క వసారాలో సర్దుకుంటోంది.

నీడ తరిగినకొద్దీ మేస్త్రీకి ఎండ ఒంట్లోంచి దూరి అవతలికి పోవడం మొదలైంది. చెట్టుకింద కూర్చున్నా అలుపు తీరదు. కడవెడు నీళ్లు తాగినా ఒళ్లు చల్లారదు. డాక్టరు నాడి చూసి, పూటకో బిళ్ల రాసి, మా కుక్కకేమన్నా మిగిల్చావా అని అడిగాడు.

మేస్త్రీ భార్య బట్టలు కుట్టేది. మిగిలిన నీడ పీలికలు కాకుండా దాని అంచు మడిచి కుట్టింది. అప్పటికి పాదాలూ కాస్త పిక్కలూ మాత్రమే మిగిలాయి.

"ఈ కాస్తా పోతే ఎండలో పడి మళ్లీ లేవవు నువ్వు," అంది. "మనిషిని కుట్టే మిషను కాదు నాది."

"ఇంక కొయ్యనులేవే," అన్నాడు మేస్త్రీ. ఆవిడ నమ్మలేదు. వీధిలో ఎవరూ నమ్మలేదు.

అంతలో మందుల షాపావిడ కబురు పెట్టింది. ఆవిడ ముసలి కుక్కను అందరూ ముసలాయన అంటారు. ఆ ఇంట్లో ఎవరైనా "ముసలాయనా" అంటే ఆవిడ భర్త కూడా తలెత్తి చూస్తాడు. కుక్కకు వెనక కాళ్లు పట్టు తప్పాయి. పెరటి బండల మీద పొద్దస్తమానం జారుతోంది. ఇంకోసారి పడితే లేవదని పశువుల డాక్టరు చెప్పాడట. పడతానేమోనన్న భయంతో అది పడుకోవడం కూడా మానేసి, గోడకు ఆనుకుని నిలబడే కునుకు తీస్తోంది.

మేస్త్రీ బండలు పెరికి గడ్డి పరిచేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ముసలాయన వచ్చి గడ్డి మీద కాలు పెట్టింది. కాలింది. ముందుకాలు ఎత్తింది, రెండోది ఎత్తబోతే వెనక కాళ్లు వణికాయి. అరవకుండా మేస్త్రీ మొహంలోకి చూసింది.

"నేను నీళ్లు కొట్టుకుంటాలే మేస్త్రీ, మీరు వెళ్లండి," అంది షాపావిడ. "మీ ఆవిడ మొన్న షాపుకొచ్చి అంతా చెప్పింది."

"ఆవిడ అందరికీ చెప్తుందమ్మా," అంటూ మేస్త్రీ బ్లేడు తీశాడు. అడిగిన లాయర్లకే కాదనలేనివాడు, అడగని కుక్కకు ఏం కాదంటాడు.

నీడ కోసేటప్పుడు పక్కన ఇంకో నీడ పడకూడదు. మేస్త్రీ ఎప్పుడూ పిల్లల్నీ పిల్లుల్నీ తరిమేసి గానీ బ్లేడు పెట్టడు. కానీ ముసలాయన తూలుకుంటూ వచ్చి, ఆ బెత్తెడు నీడలోనే ఆయన పాదాలకు ఆనుకుని కూలబడింది. ఇన్నాళ్లకు నడుం వాల్చిన ప్రాణిని లెమ్మనడానికి ఆయనకు మనసొప్పలేదు. కళ్లముందు చుక్కలు తిరుగుతున్నాయి. చేతికి తెలిసినట్టు కోసి, పరిచి, పైన చీపురు ఆడించి, తోపుడు బండి తీసుకుని బయటపడ్డాడు.

వీధి మలుపు దాకా వెళ్లాక ఒళ్లు చల్లబడింది. మబ్బు పట్టిందేమో అనుకున్నాడు.

"మేస్త్రీ, నీ కాళ్లకింద ఏదో తోక ఊపుతోంది," అన్నాడు టీకొట్టువాడు, ఎవరో మర్చిపోయిన గొడుగు గురించి చెప్పినంత తాపీగా.

చూసుకుంటే నాలుగు కాళ్లు, వేలాడే చెవులు, తోక. ఎక్కడా కోత లేని నిండు నీడ. పరిచి వచ్చింది తన నీడే, తగులుకుని వచ్చింది ముసలాయన నీడ. మేస్త్రీ బండి వెనక్కి తిప్పాడు.

"తప్పయిపోయిందమ్మా, కలిపి కోసేశాను. దీన్ని దానికి అతికించేస్తాను," అన్నాడు గేటు దగ్గర.

షాపావిడ పెరట్లోకి చూపించింది. గడ్డి మీద, ఆ పాదాల, పిక్కల నీడలో, ముసలాయన నాలుగు కాళ్లూ బారజాపి గుర్రు పెడుతోంది. దానికి నీడ లేదు.

"ఆయన పడుకున్నాడు, లేపకండి," అంది ఆవిడ. "ఇక ఎండలోకి పోయేవాడా ఏమన్నానా. మీరే ఉంచుకోండి."

ముసలాయన ఒక కన్ను తెరిచి, మేస్త్రీ కాళ్లదగ్గరున్న తన నీడను చూసి, మళ్లీ మూసుకుంది.

ఇంటి దగ్గర భార్య ఆ నీడను బట్టను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. పొడుగు చాలదు, నడుం దగ్గర వదులుగా ఉందంది. తోక గురించి మాత్రం ఏమీ అనలేదు. తర్వాత నెమ్మదిగా, "ఇది పరాయి సొమ్ము. కొయ్యడానికి నీకు హక్కు లేదు," అంది. ఆ మాట అంటున్నప్పుడే ఆవిడకు ఊపిరి ఆడినట్టయింది.

మర్నాడు ఒక కాంట్రాక్టరు వచ్చి, తన రెండు వేటకుక్కలకు కాస్త కోసిమ్మన్నాడు. "నాది కాదండీ," అన్నాడు మేస్త్రీ. జన్మలో మొదటిసారి ఆయన ఒకరికి లేదన్నాడు, అదీ అబద్ధం ఆడకుండా. కాంట్రాక్టరు గొంతు పెంచాడు. నేలమీద నీడ చెవులు నిక్కించింది. అతను నీళ్లే కొట్టుకుంటానని వెళ్లిపోయాడు.

మేస్త్రీ లోపలికొచ్చి, కిటికీలోంచి ఎండ పడేచోటే నేలమీద వాలాడు. నీడ తన చుట్టూ తాను తిరిగి, చోటు చూసుకుని, ఆయన పక్కన ముడుచుకుంది. ఆయన నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

భార్య మిషను మీంచి కాలు తీసేసింది. గుమ్మంలోకి ఇంకెవరో వచ్చి మేస్త్రీ ఉన్నాడా అని అడిగారు. ఆవిడ నోటిమీద వేలు పెట్టి, తలుపు దగ్గరికి వేసింది.