పూర్తిగా ఒప్పుకున్న మనిషి

టర్నర్ దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్ మిషన్‌కి చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. ఆవిరి బుసల మధ్య ఎక్కడో సన్నగా కిర్రుమంటోంది. "మధ్యాహ్నానికి మొరాయిస్తావు కదూ!" అని దాన్ని తట్టి, తడి దుప్పటి అంచు లోపలికి అందించాడు.

జెర్సీ సిటీలో ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. 1986. అరవై ఒక్కేళ్ళ ఈ నల్లజాతి మనిషి ముప్పై నాలుగేళ్ళుగా అదే మిషన్ దగ్గర నిలబడ్డాడు. ఫోర్‌మన్లుగా వచ్చిన ముగ్గురు తెల్లవాళ్ళకీ పని నేర్పింది ఆయనే. ఆయన్ని ఫోర్‌మన్ చెయ్యాలని మాత్రం ఒక్కడికీ తోచలేదు. అయినా మొహంలో విసుగు లేదు, ఏం మనిషో!

ఆ రోజు రెండు గంటలకు క్లినిక్‌కి వెళ్ళాలి. బీపీ ప్రమాదంగా ఉంది, ఈసారి రాకపోతే కుదరదని డాక్టర్ కసిరింది. మర్చిపోకుండా అపాయింట్‌మెంట్ కార్డు మిషన్ రేకు సందులో దోపుకున్నాడు.

భోజనాల వేళ సర్వే ఆఫీసు అమ్మాయి వసుమతి ఫారాలతో ఆయన దగ్గరికి వచ్చింది. యాభై దాటినవాళ్ళ ఆరోగ్యం మీద సర్వే. అచ్చులో ఉన్నదే చదవాలి, సొంతమాట కలపకూడదు. ఆమె ఉద్యోగంలో మొదటి నియమం అదే.

"తలచుకుంటే ఏ పనైనా చేయగలను. ఒప్పుకుంటారా, మిస్టర్ టర్నర్?"

"పూర్తిగా, మిస్."

"కష్టాలొస్తే నా అంతట నేనే గట్టెక్కగలను."

"పూర్తిగా. ఇంకెవరున్నారు గట్టెక్కించడానికి?"

ఐదు ప్రశ్నలకీ అదే జవాబు. పొద్దున ఫోర్‌మన్ స్టాన్లీ కూడా అచ్చం ఇలాగే చెప్పాడు. ఇలాంటి నమ్మకం ఉన్నవాళ్ళు ఎక్కువకాలం బతుకుతారని సర్వే ఆఫీసువాళ్ళ అంచనా. నిరుడు స్టాన్లీకి ఛాతీలో నొప్పొస్తే యజమాని తన కార్లో ఆస్పత్రికి తీసుకెళ్ళి, నెల సెలవిచ్చాడు. టర్నర్ కాళ్ళు వాచి బూట్ల లేసులు ముడిపడటం లేదు. వసుమతి చూసింది. దానికి ఫారంలో గడి లేదు.

ఒంటిగంటన్నరకు మిషన్ ఆగిపోయింది. స్టాన్లీ పరుగెత్తుకొచ్చాడు.

"మెకానిక్ రేపు గానీ రాడు. సాయంత్రానికి దుప్పట్లు వెళ్ళాలి. ఎలా, టర్నర్?"

"నేనున్నాగా."

రేకు సందులో కార్డు చూసి వసుమతి ఉండబట్టలేకపోయింది. "రెండింటికి క్లినిక్ కదా! వెళ్ళండి, మిస్టర్ టర్నర్."

"అది ఫారంలో ఉందా, మిస్?"

"లేదు. నేనే అంటున్నాను."

ఆయన పెద్దగా నవ్వాడు. "రేపు వెళ్తాలెండి." బూట్లు విప్పి, మిషన్ కిందికి దూరాడు.

రెండయింది. మూడయింది. లోపల్నుంచి చెయ్యి మాత్రమే బయటికొస్తోంది, పానా కోసం ఒకసారి, గుడ్డ కోసం ఒకసారి. నాలుగింటికి ఆ బరువైన రోలర్ కదిలింది. తెల్లటి దుప్పటి పొగలు కక్కుతూ బయటికొచ్చింది. పనివాళ్ళంతా చప్పట్లు కొట్టారు. వసుమతికి ఒళ్ళు గగుర్పొడిచింది. ఒక మనిషిలో ఇంత ఉంటుందా! ఆ పారవశ్యంలో ఫారం మీద సంతకం తీసుకోవడమే మర్చిపోయి వెళ్ళిపోయింది.

సంతకం లేని ఫారం చెల్లదన్నారు. మర్నాడు మళ్ళీ వచ్చింది.

"నిన్న సాయంత్రం దుప్పట్ల బండి వెళ్ళాక ఆ బెంచీ మీద కూర్చున్నాడు," అన్నాడు స్టాన్లీ, నేల చూస్తూ. "అలసిపోయాడనుకున్నాం. లేపితే లేవలేదు."

వసుమతి ఐదు చోట్లా తను పెట్టిన గుర్తులున్న ఫారాన్ని గుండెకు అదుముకుని, అందరిముందే ఏడ్చేసింది.

మిషన్ ఎక్కడా కిర్రుమనకుండా తిరుగుతోంది. రేకు సందులో కార్డు ఆవిరికి అంచులు వంకరపోయి అలాగే ఉంది. దాని మీద రెండు గంటలని రాసిన సిరా ఇంకా చెరగలేదు.