ఇంటికెళ్ళే కోటు

మా ఆగ్వా తోర్తా ఊళ్ళో పన్నుల ఆఫీసు ఎనిమిదింటికి తెరుస్తారు. అదెమార్ ఏడున్నరకే మెట్ల మీద ఉండేవాడు. మిగతా గుమాస్తాలు కుర్చీకి కోటు తగిలించేసి సావో ఫ్రాన్సిస్కో నదికి చేపలు పట్టడానికి జారుకునేవాళ్ళు. పెద్దసారు అడిగితే "ఇక్కడే ఎక్కడో ఉన్నాడండీ, కోటుందిగా!" అని పక్కవాళ్ళు సర్దేసేవాళ్ళు. అదెమార్ మాత్రం కుర్చీ వదిలేవాడు కాదు, పిచ్చి మారాజు.

ఐదేళ్ళు నాగా లేకుండా పనిచేస్తే సర్కారు మూడు నెలల సెలవిచ్చేది. వాడుకోకపోతే, రిటైరయ్యేటప్పుడు ఆ మూడు నెలల్నీ ఆరు నెలల సర్వీసుగా కలిపేవాళ్ళు. అదెమార్ అలా ఆరుసార్లు వదిలేశాడు. ఆ సెలవు నెలల్లో అతను ఆఫీసులో కూర్చుంటే, అతని బూడిదరంగు కోటు ఇంటికెళ్ళేది.

నాలుగింటికి అది చర్చి వీధిలో వస్తుంటే, గుమ్మాల్లో కుర్చీలేసుకున్న మేమంతా పలకరించేవాళ్ళమట. అది చెయ్యి ఊపేదట. ఇంట్లో అతని పెళ్ళాం జురెమా మొక్కజొన్న కేకు కోసి, రెండు కప్పుల్లో కాఫీ పోసి ఎదురుచూసేది. పెరట్లో జామచెట్టు నాటింది ఆ కోటే. రేడియోలో మంచి పాటొస్తే ఆమె నడుం పట్టుకుని ఆడింది కూడా అదే.

సాయంత్రం మొగుడు రాగానే జురెమా అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. "నీకంటే నీ కోటే నయమయ్యా! కాళ్ళు తొక్కకుండా ఆడుతుంది." అదెమార్ నవ్వేవాడు. లోపల కుళ్ళుకునేవాడు కూడానూ.

ముప్పై రెండేళ్ళు అలా గడిచాక జురెమా మూత్రపిండాలు చెడిపోయాయి. మహా అయితే రెండేళ్ళన్నాడు డాక్టరు. అదెమార్ సర్వీసు ఇంకా మూడేళ్ళుంది.

"సెలవులన్నీ కలిపేస్తానే, సరిగ్గా మూడేళ్ళవుతాయి. ఇప్పుడే రిటైరైపోయి నీ దగ్గరే ఉంటాను," అన్నాడు.

"కలిపితే కోటు వాళ్ళకిచ్చెయ్యాలటగా?"

"ఇవ్వాలి మరి."

"వద్దయ్యా. ఉన్నన్నాళ్ళు ఇలాగే ఉంటాను. దాన్నివ్వకు." ఆమె కోటు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అది ఉత్త గుడ్డే! మనిషిని నేనిక్కడ ఉండగా..."

"నువ్వు మనిషివేలే. కానీ నాతో కూర్చుంది అది."

ఆ మాట అతనికి ఎక్కడో తగిలింది. మర్నాడు పొద్దున్నే కోటు భుజాన వేసుకుని, సర్వీసు రికార్డులు చూసే క్లెయిజి దగ్గరికి వెళ్ళాడు.

"అదెమార్ గారూ, మళ్ళీ ఒకసారి ఆలోచించుకోండి," అంది క్లెయిజి. "ముద్ర పడిందంటే ఆ నెలలన్నీ ఆఫీసులో గడిచినట్టే. ఇంట్లో గడిచినవంటూ ఇక ఏవీ ఉండవు."

"ముందున్న రోజులు కావాలమ్మా నాకు. అయిపోయినవాటిని ఏం చేసుకోను?"

క్లెయిజి కోటు తిరగేసి లోపలి గుడ్డ మీద ఆరు ముద్రలు కొట్టింది. కొట్టినప్పుడల్లా కోటు చెయ్యి ఎగిరెగిరి పడింది. ఆరో ముద్రకి కదల్లేదు. ఆమె దాన్ని మడిచి బీరువాలో పెట్టి తాళం వేసింది.

అప్పుడే మా బుర్రల్లోంచి కూడా ఆ కోటు చెరిగిపోయింది. నేను చెప్పిందంతా అదెమార్ నోట విన్నదే. అతనికి మాత్రం అన్నీ గుర్తున్నాయి. ఆ రోజుల్లో అతను నిజంగానే ఆఫీసులో ఉన్నాడుగా, అతని రోజులేవీ మారలేదు!

రిటైర్మెంట్ కాగితం పట్టుకుని దాదాపు పరుగున ఇంటికొచ్చాడు. పెరట్లో జామచెట్టున్న చోట ఒట్టి నేల ఉంది. జురెమా వంటింట్లో గోడకేసి తిరిగి కూర్చుంది.

"వచ్చేశానే! ఇక రోజూ ఇంట్లోనే."

"ఇప్పుడా?" అంది ఆమె. "ముప్పై రెండేళ్ళూ ఈ గోడతో మాట్లాడుకున్నాను. ఒక్క సాయంత్రం, ఒక్కటంటే ఒక్కటి, నాతో కూర్చున్నావా?"

అదెమార్ గుండె చెరువైపోయింది. ఆమె కాళ్ళ దగ్గర కూలబడి చెప్పడం మొదలుపెట్టాడు. జామచెట్టు, కేకు ముక్కలు, రేడియో పాట, కాళ్ళు తొక్కకుండా ఆడిన ఆట. ఒకప్పుడు ఆమె చెప్పిన కబుర్లన్నీ ఏడుస్తూ ఆమెకే చెప్పాడు. జురెమా చివరిదాకా వింది. ఒకచోట నవ్వింది కూడా.

"ఎవరో గానీ," అంది, "అదృష్టవంతురాలు."

తర్వాత కాఫీ పెట్టడానికి లేచి, అలవాటుగా ఒక్క కప్పే తీసింది.