ఆపద్ధర్మ మంత్రికి దక్కిన మెప్పు

లుబెన్ దమ్యానోవ్ జీవితమంతా దౌత్యంలోనే గడిచింది. ఎన్నో దేశాల్లో రాయబారిగా పనిచేశాడు. ఎక్కడా మాట జారిన మనిషి కాదు. రాజధాని సోఫియాలో ప్రభుత్వం పడిపోయి, ఎన్నికలయ్యేదాకా ఎవరో ఒకరు కావలసివచ్చినప్పుడు, ఎవరికీ కంటగింపు కాని మనిషని ఆయన్నే ఆపద్ధర్మ విదేశాంగ మంత్రిని చేశారు.

ఆయన కుర్చీలో కూర్చున్న కొద్దిరోజులకే ఆఫ్రికా తీరంలో సముద్రపు దొంగలు ఒక సరుకు ఓడను పట్టుకున్నారు. దాంట్లో పనిచేసేవాళ్లు చాలామంది వార్నా రేవుపట్నం వాళ్లే. ఓడలో వంటవాడైన జీవ్కో భార్య దోన్కా, మిగతా ఆడవాళ్లను వెంటబెట్టుకుని మంత్రి దగ్గరికి వచ్చింది.

"మీరొక్క ఫోన్ చెయ్యండి మంత్రిగారూ. ఆ దొంగలున్న దేశంలో మీరు రాయబారిగా ఉన్నారంట కదా. పెద్దోళ్లంతా మీకు తెలుసంట."

నిజమే. అక్కడి హోం మంత్రి ఒకప్పుడు ఆయనతో చదరంగం ఆడినవాడు. కానీ ప్రధాని పొద్దున్నే హెచ్చరించాడు: "బెడిసికొడితే నింద మన నెత్తిన పడుతుంది. కొత్తగా వచ్చేవాళ్లు చూసుకుంటారు, వదిలెయ్."

"మాది ఆపద్ధర్మ ప్రభుత్వం అమ్మా. మా చేతుల్లో ఏముంది?" అన్నాడు దమ్యానోవ్.

"ధర్మం సంగతి మీకే తెలియాలి. ఆపద మాత్రం మాది," అని లేచి వెళ్లిపోయింది దోన్కా.

ఆయన ఫోన్ చెయ్యలేదు. పరిస్థితిని గమనిస్తున్నామని ఒక ప్రకటన ఇచ్చి ఊరుకున్నాడు.

దోన్కా ఊరుకోలేదు. ఆడవాళ్లంతా వానలో ఓడ యజమాని ఇంటి ముందు బైఠాయించారు. పత్రికలవాళ్లు వచ్చారు. పరువు పోతుందన్న భయంతో యజమాని దొంగలతో బేరానికి దిగాడు. నావికులు విడుదలయ్యారు.

విమానాశ్రయంలో, ఎముకల గూడులా మిగిలిన జీవ్కో, స్వాగతం చెప్పడానికి వచ్చిన మంత్రి చెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకున్నాడు.

"మన దేశం మనల్ని వదిలెయ్యదురా అని ఓడలో అందరికీ చెప్పేవాణ్ణయ్యా!"

కెమెరాలు మెరిశాయి. దమ్యానోవ్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. దోన్కా ఆయన్ను ఒక్కసారి చూసి, ఫొటోలో చోటిస్తున్నట్టు పక్కకు జరిగింది.

ఆ ఫొటో చూసి దేశమంతా మెచ్చుకుంది. ఎన్నికల్లో గెలిచినవాళ్లు కూడా మీరే మంత్రిగా ఉండండి అన్నారు. ఆయన జవాబు వాయిదా వేశాడు. ఎవరికీ చెప్పకుండా వార్నా రైలెక్కాడు.

దోన్కా తలుపు తీసింది. పెరట్లో జీవ్కో మిరపకాయలు కాలుస్తున్నాడు.

"నేనేమీ చెయ్యలేదమ్మా," అన్నాడు దమ్యానోవ్ గుమ్మంలోనే. "ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదు. ఆ మాట ఆయనతో చెప్పి క్షమాపణ అడుగుదామని వచ్చాను."

"నాకు తెలుసు," అంది దోన్కా గొంతు తగ్గించి. "ఆయనకు తెలీదు. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తాడు. మనకోసం అంత పెద్దాయన పాటుపడ్డాడు కదే అని మళ్లీ కళ్లు మూస్తాడు. మీ గుండె బరువు దించుకోడానికి ఆ కాస్త నిద్రా చెడగొడతారా?"



ఇంతలో జీవ్కో లోపలికొచ్చాడు. "ఓసినీ! మంత్రిగారినా గుమ్మంలో నిలబెట్టావ్! రండయ్యా, రండి!" అంటూ గ్లాసుల్లో రకియా సారా పోశాడు. "నన్ను ఇంటికి చేర్చిన మహానుభావుడికి!"

దోన్కా కూడా గ్లాసెత్తింది. దమ్యానోవ్ ఆమె కళ్లలోకి చూడలేక, గొంతు మండుతున్నా గుక్కలో తాగేశాడు.

సోఫియా చేరాక పదవి వద్దన్నాడు. కారణం అడిగితే ఒంట్లో బాగాలేదన్నాడు. ఇలాంటి నిరాడంబరుడు ఇంకెక్కడ దొరుకుతాడని మర్నాడు పత్రికలు రాశాయి.