మధ్యాహ్నం ఎవరుంటారు?

నెలకు రెండు ఆదివారాలు, చర్చిలో ఆరాధన ముగియగానే, సువార్త ఎవరితోనూ మాటల్లో పడకుండా సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరికి వచ్చి మౌలాలి బస్సెక్కేది. సంచీలో ఉస్మానియా బిస్కెట్ల పొట్లం, ఇస్త్రీ చేసిన రెండు చొక్కాలు ఉండేవి. గుట్ట కింద సందులో ‘నెమ్మది నిలయం’ అని బోర్డున్న ఇంట్లో ఆమె తమ్ముడు ఆర్థర్ ఉంటున్నాడు.

ఆర్థర్‌కు ముప్ఫై ఎనిమిదేళ్ళు. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల మందగించినవాడు. స్నానానికి, గడ్డానికి, రోడ్డు దాటడానికి పక్కన ఒక మనిషి కావాలి. తల్లి రోసమ్మ బతికున్నంతకాలం ఆ మనిషి ఆమే. ఆమె పోయాక, పద్మారావు నగర్‌లో బడిపంతులమ్మగా పనిచేస్తున్న సువార్తకు తమ్ముణ్ణి పగలంతా ఎవరికి అప్పగించాలో తోచలేదు. అలాంటివాళ్ళు పన్నెండుమంది ఒకే ఇంట్లో, సాయానికి మనుషులుండగా, ఒక కుటుంబంలా బతుకుతారని ఎవరో చెబితే తెచ్చి చేర్చింది. ఎనిమిది నెలలైంది. రెండువేల ఎనిమిదో సంవత్సరం వానాకాలం అది.

ఆ ఆదివారం ఆర్థర్ ముందుగదిలో తెల్లచొక్కా వేసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“చూశారా మేడమ్, ఎంత బుద్ధిమంతుడయ్యాడో!” అన్నాడు మేనేజరు తాతారావు. “వచ్చిన కొత్తలో ఇల్లు పీకి పందిరేసేవాడు. ఇప్పుడు నోట్లో మాట లేదు.”

“మీ దయండీ,” అంది సువార్త. అన్నది గానీ నమ్మకం కుదరలేదు. ఇంట్లో ఉన్నప్పుడు ఆర్థర్ నిద్రపోతే తప్ప నోరు మూసేవాడు కాదు. పాలవాడు ఎందుకు రాలేదు, పక్కింటి కుక్క ఎందుకు ఏడుస్తోంది, అక్క ఎన్నింటికొస్తుంది అని చంపుకు తినేవాడు.

ఆమె బిస్కెట్ తీసి చెయ్యి చాచింది. ఆర్థర్ వెంటనే కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు బారెడు తెరిచి, నాలుక బయటికి పెట్టాడు. ఆకలేమోననుకుని ఆమె నోట్లో పెట్టింది. అతను నమలలేదు. మింగబోయి, పొలమారి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత నాలుక పైకెత్తి, దాని కింద ఏమీ లేదన్నట్టు చూపించాడు.

“ఏంట్రా అది? నాకెందుకు చూపిస్తున్నావ్?”

ఆర్థర్ ఆమె పైటకొంగును పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు. వరండాలో తాతారావు చెప్పుల చప్పుడు వినబడగానే ఆ పిడికిలి దానంతటదే విడిపోయింది.

గేటు బయట కామేశ్వరమ్మ కనిపించింది. ఆవిడ కొడుకు రామకృష్ణ కూడా ఆ ఇంట్లోనే ఉంటాడు. “పిన్నిగారూ, మీ అబ్బాయి కూడా మరీ మెతకబడిపోయాడా?” అని సువార్త అడిగీ అడగకముందే ఆవిడ గేటు వైపు చూసి ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఊరుకో అమ్మాయ్. నాకు డెబ్బై రెండేళ్ళు. రేపు మావాణ్ణి తీసుకుపొమ్మంటే ఎక్కడ పెట్టుకోను? అయినా మనం నోరు పారేసుకుని బస్సెక్కి పోతాం. తర్వాత లోపల ఉండేది వాళ్ళే కదా.”

ఆ మాట సువార్తను మూడు రోజులు పీడించింది. బడిలో బోర్డు మీద లెక్క రాస్తూ రాస్తూ ఆగిపోయేది. బుధవారం మధ్యాహ్నం సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా మౌలాలి వెళ్ళింది.

గేటుకు గొళ్ళెం మాత్రమే ఉంది. ఇంటి తలుపుకు బయటనుంచి తాళం వేసి ఉంది.

ఆమె బెల్లు కొట్టింది. పిలిచింది. పన్నెండుమంది మగవాళ్ళున్న ఇంట్లోంచి చిన్న దగ్గు కూడా వినబడలేదు. పక్కకు వెళ్ళి కిటికీ ఊచలు పట్టుకుని చూసింది. హాల్లో చాపల మీద మనుషులు వరసగా పడి ఉన్నారు. చివర ఆర్థర్. నోరు తెరుచుకుని ఉంది. పెదవి మీద ఈగ వాలింది. అతను కదల్లేదు.

“ఆర్థర్! ఒరేయ్ ఆర్థర్!”

ఒక్క తల కూడా లేవలేదు. ఇప్పుడు నిప్పంటుకుంటే వీళ్ళ గతేమిటి? అసలు వీళ్ళలో ప్రాణముందా? ఊచల్ని రెండు చేతులతో ఊపింది.

ఎంతసేపటికో గేటు చప్పుడైంది. కూరగాయల సంచీతో పర్వతాలు అనే అతను వచ్చాడు. ఆ ఇంట్లో వాళ్ళకు చేదోడువాదోడుగా ఉండే పనిమనిషి. ఆమెను చూసి సంచీ జారవిడిచాడు. తాళంచెవిని రెండుసార్లు తప్పు పెట్టి, మూడోసారికి తలుపు తీశాడు.

సువార్త పరుగెత్తి తమ్ముడి ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి ఉంది. భుజాలు పట్టి కుదిపింది. బరువైన రెప్పలు సగం తెరుచుకున్నాయి. ఆర్థర్ చూపు ఆమెను దాటి, వెనక నిలబడ్డ పర్వతాలు మీద పడింది. వెంటనే నోరు తెరిచాడు. నాలుక చాచాడు. కాసేపాగి నాలుక పైకెత్తి చూపించాడు.

ఆదివారం నాటి బిస్కెట్ ఆమెకు అప్పుడు అర్థమైంది. తన చేతిని చూసి కూడా తమ్ముడు భయపడ్డాడు.

“ఏం మందు ఇస్తున్నావయ్యా?”

“నిద్రగోలీలు మేడమ్,” అని పర్వతాలు నేల మీద కూలబడ్డాడు. “మునుపు ముగ్గురముంటిమి. ఇద్దరు పోయిండ్రు. గిప్పుడు నేనొక్కణ్ణే. వంట నేనే, బట్టలు నేనే. ఒకాయన పొయ్యి దిక్కు ఉరుకుతడు, ఒకాయన రోడ్డు దిక్కు ఉరుకుతడు. ఎవరికన్న ఏమన్న అయితదని నాకు సుత పానం దడదడ కొట్టుకుంటది. గోలీ ఇయ్యమని సారే చెప్పిండు. నా పేరు చెప్పకుండ్రి మేడమ్, నౌకరీ పోతది.”

సువార్త కోపంతో వచ్చింది గానీ, ఆ మనిషి కళ్ళలో ఉన్నది తన కళ్ళలో ఉన్న భయమే. పేరు చెప్పనని మాటిచ్చింది. ఆర్థర్‌ను ఆ క్షణమే తీసుకుపోవాలనిపించింది. కానీ తమ్ముణ్ణి ఒక్కణ్ణే తప్పిస్తే చాలదు, మిగిలిన పదకొండుమంది అలాగే పడి ఉన్నారు.

పది రోజులకు నిలయంలో ఎప్పటిలా జరిగే కుటుంబాల సమావేశం వచ్చింది. ఆ పది రోజులూ సువార్త మాత్రల సంగతి ఎత్తకుండా, ఇంట్లో చూసుకోవడానికి మనిషి ఉంటాడని తాతారావుతో బొంకి, బడికి సెలవు పెట్టి, తమ్ముణ్ణి తన దగ్గరే ఉంచుకుంది. సమావేశంలో తాతారావు భోజనం గురించీ శుభ్రత గురించీ చెప్పుకొచ్చాడు. అందరూ తలలూపారు. సువార్త లేచి నిలబడింది. ముందున్న కుర్చీ పట్టుకుంది.

“ఒక్క మాటండీ. మధ్యాహ్నం పూట వీళ్ళ దగ్గర ఎంతమంది ఉంటారు?”

“ముగ్గురుంటారు మేడమ్,” అని తాతారావు నవ్వాడు. “మా పద్ధతి నచ్చనివాళ్ళు తమ పిల్లల్ని సంతోషంగా తీసుకెళ్ళవచ్చు. మేమెవర్నీ బలవంతపెట్టం.”

మిగిలినవాళ్ళు తలలు దించుకున్నారు. సువార్తకు తానొక్కతే నడిరోడ్డు మీద నిలబడినట్టనిపించింది. పర్వతాలు టీ ట్రే పట్టుకుని గోడవార నిలబడ్డాడు. ఆమె అతని వైపు చూడలేదు. కానీ కప్పులు ఒకదానికొకటి తగిలి టకటకమంటున్న చప్పుడు కామేశ్వరమ్మ చెవిన పడింది.

“నాయనా, నువ్వు చెప్పు. ఎంతమంది ఉంటారు?” అంది ఆవిడ.

పర్వతాలు ట్రే కింద పెట్టాడు. తాతారావు వైపు ఒకసారి, తలుపు వైపు ఒకసారి చూశాడు. “నేనొక్కణ్ణే అమ్మా. నాతోటి అయితలేదు.”

“నువ్వు రేపట్నుంచి రానక్కర్లేదు!” తాతారావు గద్దించాడు.

అప్పుడు కామేశ్వరమ్మ లేచింది. “అతను ఎక్కడికీ పోడు. మేమూ పోము. ఈ నిలయం నడిపే పెద్దలు వచ్చి జవాబు చెప్పేదాకా ఇక్కడే కూర్చుంటాం,” అంది. ఒక్కొక్కరే కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు.

సాయంత్రానికి పెద్దలు వచ్చారు. నిద్రగోలీల సంగతి పర్వతాలే వాళ్ళకు చెప్పాడు. నెల తిరిగేలోగా మరో ముగ్గురు మనుషుల్ని పెట్టారు. తాతారావును తప్పించారు, పర్వతాలును ఉంచారు. డాక్టరు ఒక్కొక్కరినీ చూసి మందులు మెల్లమెల్లగా తగ్గించాడు. అంతా సులువుగా జరిగిపోలేదు. మందు తగ్గిన కొద్దీ ఆర్థర్ ఏడ్చాడు, పళ్ళేలు విసిరాడు, ఒకనాడు పర్వతాలు మణికట్టు కొరికాడు. ఫోన్ మోగితే చాలు సువార్త చేతిలో పని వదిలేసి పరుగెత్తేది. ఇప్పటికీ ఆ గేటు తీసేటప్పుడు ఆమెకు భయం వేస్తుంది. అయినా తీస్తుంది. కుటుంబాలవాళ్ళు వంతులేసుకుని, ఏ రోజైనా, ఏ వేళైనా చెప్పకుండానే వెళుతున్నారు.

అలా వెళ్ళిన ఒక గురువారం, వరండాలో రామకృష్ణకు వేరుశనగకాయలు ఒలిచిపెడుతూ కామేశ్వరమ్మ అంది:

“మనవాళ్ళకి చోటివ్వడమే గొప్ప దయ అనుకున్నాం అమ్మాయ్. దయ చేసినవాణ్ణి నిలదీస్తామా? అందుకే నోళ్ళు కుట్టేసుకున్నాం. ఒక మనిషి తోడుగా, భయం లేకుండా బతకడం వాళ్ళకి ఎవరూ వేసే భిక్ష కాదు, అది వాళ్ళ హక్కు. హక్కు గురించి అడిగేటప్పుడు మనకి భయం వెయ్యొచ్చు గానీ, అడగడం మాత్రం మానకూడదు.”